దాచితే మానే జబ్బు కాదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునే మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు మాట్లాడమని కార్యదర్శిగారు కబురు పెట్టినారు. చదువు గురించే మాట్లాడతాము. అయితే పుస్తకం దగ్గర కాక, ఒక ఇంటి దగ్గర మొదలుపెడతాము. ఆ ఇంటివారి పేరు గాని, వీధి గాని చెప్పము.

మా తరగతిలో ఒక అమ్మాయి. లెక్కల్లో చురుకైన పిల్ల. వారంలో రెండు రోజులు బడికి వచ్చేది కాదు. అడిగితే "అమ్మీకి బాగాలేదు సార్" అనేది. మేమూ కోప్పడినాము. నిజానికి బాగాలేనిది అబ్బాకు. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్లు మోసి సంపాదించిన కూలి అంగళ్లు చేరేలోపలే బ్రాందీ షాపులోనే అయిపోయేది. తల్లి మిషన్ కుట్టి దాచిన డబ్బూ దాని వెంటే పోయేది. వీధికంతా తెలుసు. తెలియనిది మాకొక్కరికే.

చివరికి చుట్టాలు కూడి, "గదిలో వేసి తాళం పెట్టండి, మూడు రోజుల్లో అదే దిగిపోతుంది" అన్నారు. మంచికే అన్నారు. మొదటి రోజే అతని చేతులు వణికినాయి. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చినాయి. అర్ధరాత్రి ఆ పిల్ల మా తలుపు తట్టి, "సార్, అబ్బా ఎట్లనో అయిపోతున్నాడు, తొందరగా రండి" అనింది. ఆటోలో ఆసుపత్రికి చేర్చినాము. అల్లా దయవల్ల బతికినాడు.

ఆ రాత్రి డాక్టరుగారు చెప్పినది మీకూ చెప్పాలి. ఏండ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేని మనుషులతో మాట్లాడవచ్చు. ప్రాణమే పోవచ్చు. కాబట్టి మాన్పించడం వైద్యుని చేతి మీద జరగాలి. ఇంకొకటి. తాగుడు మాన్పించే మందును తెలియకుండా కూరలో కలిపి పెట్టేవాళ్లున్నారు. దాని మీద తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రాగలదు. రోగికి తెలియకుండా ఏ మందూ పెట్టవద్దు.

ఇంత ప్రమాదం ఎందుకు వచ్చింది? తాగుడు మనకు హరాం. ఇందులో రెండో మాట లేదు. కాని హరాం కాబట్టి మన ఇండ్లలో అది లేదని అనుకుంటాము. ఉన్న ఇల్లు దాచుకుంటుంది. బయటపడితే కూతురికి సంబంధం రాదని భయం. తాగినందుకు పదేపదే శిక్ష పడిన ఒక మనిషిని తోటివారు శపిస్తే, ప్రవక్త వారించినారని హదీసు చెబుతుంది. తప్పును తప్పు అన్నారు గాని, మనిషిని వెలివేయలేదు.

మన పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915 నుంచి అక్కడ క్షయ రోగులకు వైద్యం చేసినారు. ఒకప్పుడు క్షయను కూడా ఇంటి పరువని దాచేవాళ్లు. దాచిన ఇండ్లలో మనుషులు పోయినారు. ఆసుపత్రి గడప తొక్కిన వాళ్లలో ఎందరో బతికినారు. వ్యసనమూ అటువంటిదే. షుగరు మాదిరి మళ్లీ మళ్లీ తలెత్తే జబ్బు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ తోటి ఆడవాళ్లూ అక్షరాలు నేర్చుకునే చోటనే తమ గోడు వెళ్లబోసుకున్నారు. అక్కడి సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. చట్టం అంగడి మూయగలదు, తెరవగలదు. రోగిని బాగుచేసేది మాత్రం వైద్యమూ, ఇంటివాళ్ల ఓపికా. ఆ ఆడవాళ్లు మనకు నేర్పినది, ఇంట్లో ఏడ్చేది నలుగురిలో చెప్పుకోవచ్చునని.

ఎక్కడికి పోవాలి అంటారా? 14446 వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను. 14416కు రాత్రయినా పగలయినా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది. ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాము. గంజాయికి బానిసైన కుర్రవాళ్ల తల్లిదండ్రులు కేసు పడుతుందని భయపడతారు. తానుగా వైద్యానికి వచ్చే బానిసకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే, 64ఎ సెక్షన్ కింద, షరతులతో రక్షణ ఉంది.

ఇక మన సంఘం చేయదగినవి మూడు. ఒకటి, ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి చాలు. ఎవరు వచ్చి చెప్పుకున్నా ఆ మాట గడప దాటకూడదు. రెండు, సహాయ నిధిలో కొంత పక్కన పెట్టి, రోగి వెంట పోయేవారి బస్సు చార్జీ, ఆ నాలుగు రోజుల ఇంటి బియ్యం, పిల్లల ఫీజు ఇవ్వాలి. మూడు, బాగుపడి వచ్చినవాణ్ణి పాత పేరుతో పిలవకుండా పని చూపించాలి.

ఆ తండ్రి సంగతి అడుగుతారేమో. ఏడు నెలలు మానినాడు, ఒక పెండ్లిలో మళ్లీ తాగినాడు. ఈసారి తాళం వేయలేదు. భార్యే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇప్పుడు మందు వాడుతున్నాడు. పిల్ల రోజూ బడికి వస్తోంది. హాజరు పట్టీలో ఆమె పేరు పిలిచినప్పుడు "హాజిర్ సార్" అంటుంది. ఆ మాట వినిపించని పేర్లు మా పట్టీలో ఇంకా ఉన్నాయి. వాళ్ల ఇండ్లు మీ వీధుల్లోనే ఉన్నాయి.