మ్యూజియంలో అమ్మాయి అడిగిన ప్రశ్న
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడు మన సంఘం ఇప్పించిన బస్సు ఛార్జీలతో మా ఉర్దూ మీడియం బడి పిల్లల్ని హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకువెళ్ళాము. అక్కడ 1985లో ప్లానెటేరియం, 1990లో మ్యూజియం ఏర్పడ్డాయి. 2000లో కొటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని నిలిపారు. ఆ ఎముకలు దొరికింది ఎక్కడో కాదు, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలోనే.

దాని ముందు నిలబడి ఆరో తరగతి అమ్మాయి అడిగింది: “మాస్టర్ సాబ్, ఎముక రాయి ఎట్లా అయింది?” ఉపాధ్యాయులం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. “ముందుకు నడువు బేటీ” అన్నాము. ఆ మాట మమ్మల్ని నేటికీ పొడుస్తూనే ఉంది.

తిరిగి వచ్చి పుస్తకాలు తిరగేశాము. మట్టిలో పూడిన ఎముక సందుల్లోకి నీటితోపాటు ఖనిజాలు చేరి, లక్షల ఏళ్ళలో రాయిలా గట్టిపడతాయి. మర్నాడు తరగతిలో ఆ అమ్మాయికే మొదట చెప్పాము. నిన్న మాకు తెలియదని కూడా ఒప్పుకున్నాము. ఆనాటి నుంచి పిల్లలు జంకు లేకుండా అడుగుతున్నారు.

మా మనవి ఒకటే. వచ్చే ఏడు కూడా పిల్లల్ని పంపండి. ఆడపిల్లల్ని ఆపకండి. ఈసారి మేము ముందుగా చదువుకుని వస్తాము.