చెప్పేవాళ్ళకూ ఒక చదువు కావాలి



ఈ పూట ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. భయపడకండి, మెట్రిక్ దాకా చదివిన నాకు వచ్చిన లెక్కే. ఏడాదికి 365 రోజులు, రోజుకి 24 గంటలు, మొత్తం 8,760 గంటలు. షుగరు వ్యాధి ఉన్న మనిషి మూడు నెలలకోసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారనుకోండి. వెళ్ళినప్పుడల్లా ఒక పావుగంట ఆయన ఎదుట కూర్చున్నారనుకోండి. జనం కిటకిటలాడే ఆస్పత్రుల్లో పావుగంట దొరకడమే గొప్ప, అయినా అనుకుందాం. ఏడాదికి ఒక గంట అయింది. మరి మిగతా 8,759 గంటలూ ఆ జబ్బును కనిపెట్టి చూసేదెవరు? ఆ మనిషీ, ఆ ఇంటి ఇల్లాలూ. ఇద్దరూ ఒకరే అయితే ఇక చెప్పక్కర్లేదు.

జ్వరమొస్తే నాలుగు రోజులు మాత్రలు మింగి లేచి తిరుగుతాం. ఇది అలాంటిది కాదు. ఏం తినాలి, ఎంత తినాలి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఇన్సులిన్ ఎక్కడ పొడుచుకోవాలి, పాదం మీద చిన్న పుండు కనిపిస్తే ఏం చెయ్యాలి, అన్నీ ఇంట్లోనే తేల్చుకోవాలి. అంటే ఈ జబ్బులో మందు ఎంత ముఖ్యమో, నేర్చుకోవడమూ అంత ముఖ్యం. సరే, మరి నేర్పేదెవరు? వాళ్ళకి నేర్పడం వచ్చా? ఈవేళ నేను మీతో మాట్లాడదలచింది ఈ సంగతే.

"డాక్టర్లకీ నర్సులకీ తెలియదుటమ్మా?" అని మీరనవచ్చు. తెలియడం వేరు, నేర్పడం వేరు. ఊరంతా మెచ్చే ఆవకాయ పెట్టే పెద్దావిణ్ణి కొలతలు అడిగి చూడండి. "కొలతేమిటమ్మా, చేతికి తెలుస్తుంది" అంటారు. ఆవిడ చేతికి తెలుసు, నిజమే. కొత్త కోడలి చేతికి ఎలా తెలుస్తుంది?

ఇన్సులిన్ వేసుకోవడం నేర్పేటప్పుడు ముందు నారింజపండు మీద అభ్యాసం చేయించడం పాతకాలపు పద్ధతి. దాని మీద వైద్యులు చెప్పుకునే కథ ఒకటుంది. ఒకాయనకి నర్సు ఎంతో శ్రద్ధగా పండుకి సూది గుచ్చడం నేర్పి పంపిందట. నెల తిరిగినా షుగరు ఇసుమంతైనా తగ్గలేదు. "రోజూ ఇన్సులిన్ వేస్తున్నారా?" అని అడిగితే, "వేస్తున్నానమ్మా, పొద్దున్నే పండుకి సూది వేసి, ఆ పండు తినేస్తున్నాను" అన్నాడట! మనకి నవ్వొస్తుంది. కానీ తప్పు ఆయనదేనా? "ఇంటికెళ్ళి ఏం చేస్తారో ఒకసారి నాకు చెప్పండి" అని ఆ నర్సు అడిగి ఉంటే అప్పుడే బయటపడేది కాదూ?

కథల మాట అలా ఉంచండి. మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. అరవై దాటాయి. ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు ఆస్పత్రిలో ఆవిడ చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టి, "ఇందులో ఉన్నట్టు చెయ్యండి" అని పంపేశారు. ఆ కాగితంలో ఓట్సు, బ్రెడ్డు ఉన్నాయిగానీ ఆవిడ తినే అన్నం, పప్పు, మజ్జిగల ఊసే లేదు. ఇంతలో కార్తీక సోమవారం వచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే ఉపవాసమున్నారు. మందు మానకూడదన్నారు కదా అని ఇన్సులిన్ మాత్రం యథాప్రకారం వేసుకున్నారు. సాయంత్రానికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఉపవాసం నీరసమని ఇంట్లోవాళ్ళు పడుకోబెట్టేశారు. అదృష్టం బాగుండి పక్కవాటాలో రిటైరైన నర్సమ్మగారు ఉన్నారు. చూస్తూనే, "ఇది నీరసం కాదు, షుగరు పడిపోయింది" అని, పిన్నిగారికి ఇంకా మింగే తెలివి ఉంది గనక మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించారు. పావుగంటలో మనిషి తేరుకున్నారు. తరవాత కాస్త అన్నం తినిపించారు. "తెలివి తప్పిన మనిషికి మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అని ఇంట్లోవాళ్ళందరికీ చెప్పి మరీ వెళ్ళారు.

"ఉపవాసాలుంటారా అమ్మా?" అన్న ఒక్క ప్రశ్న మొదటిరోజే ఎవరైనా వేసి ఉంటే ఇంత ప్రమాదం జరిగేది కాదు. ఆ ప్రశ్న వెయ్యాలని తెలియడమే నేను చెప్పే చదువు.

ఇదేం నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో బోస్టన్ నగరంలో ఎలియట్ జాస్లిన్ అనే పెద్ద వైద్యుడుండేవారు. డాక్టరుకీ రోగికీ కలిపి షుగరు వ్యాధి మీద ఒక చేతిపుస్తకం 1918లోనే రాశారు. అప్పటికింకా ఇన్సులినే లేదు. టొరంటోలో దాన్ని కనుక్కున్నది 1921లో, మనిషికి మొదటిసారి ఇచ్చింది 1922లో. ఆ మందు వచ్చాక, రోగుల ఇళ్ళకే వెళ్ళి నేర్పేందుకు జాస్లిన్ నర్సులను ప్రత్యేకంగా తయారుచేశారు. ఆ తరవాత లాస్ ఏంజిలస్‌లో, బీదలు ఎక్కువగా వచ్చే ప్రభుత్వాస్పత్రిలో, లియోనా మిల్లర్ అనే డాక్టరమ్మ రోగులకు నేర్పే ఏర్పాటూ, అనుమానం వస్తే ఫోను చేసి అడిగే ఏర్పాటూ చేశారు. స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరేవాళ్ళు బాగా తగ్గారని ఆవిడ 1972లో వైద్య పత్రికలో రాశారు. స్విట్జర్లాండులో జెనీవా ఆస్పత్రిలో 1975లో షుగరు రోగులకు వైద్యంతోపాటు బోధన కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. 1979లో యూరప్ వైద్యులు ఈ బోధన మీదే ఒక అధ్యయన బృందంగా ఏర్పడ్డారు. అమెరికాలోనైతే 1986 నుంచీ ఇలా నేర్పేవాళ్ళకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇస్తున్నారు. అంటే, నేర్పడం కూడా ఒక విద్యేనని అక్కడ ఒప్పుకున్నారన్నమాట.

ఇంతకీ ఆ విద్యలో ఏముంటుంది? మొదటిది, ముందు అడగడం, ఆ తరవాతే చెప్పడం. ఇంట్లో వంట ఎవరిది, ఎన్ని గంటలకు తింటారు, రాత్రి డ్యూటీలున్నాయా, ఇవన్నీ తెలియకుండా పథ్యం చెబితే అది కాగితం మీదే ఉండిపోతుంది. రెండోది, ఒక పూటకి ఒకటో రెండో సంగతులే చెప్పడం. జబ్బుందని తెలిసిన రోజున మనిషి గుండె దడదడలాడుతూ ఉంటుంది, పది విషయాలు చెబితే ఒక్కటీ ఎక్కదు.

మూడోది, చేసి చూపించడం, చేయించి చూడడం. ఒక ఉదాహరణ చెబుతాను, వంటలో ఉప్పు కొలతంత జాగ్రత్తగా వినండి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకి 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేని సిరంజి దానిదే. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. 100 బలమున్న మందును 40 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 50! ప్రాణం మీదికే వస్తుంది. "సీసా, సిరంజి సరిచూసుకోండి" అని నోటితో అనేసి ఊరుకుంటే చాలదు. ఆ రెండూ మన చేతికిచ్చి, లాగమని, చూడాలి. పాదాల సంగతీ అంతే. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అందుకే తెలిసిన నర్సు చెప్పులు విప్పించి, అరికాలు తాను చూసి, ఇంట్లో అద్దం పెట్టి రోజూ ఎలా చూసుకోవాలో చూపిస్తుంది.

నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది, కసురుకోకపోవడం. "మళ్ళీ స్వీట్లు తిన్నారా?" అని నలుగురిలో గద్దిస్తే ఏమవుతుంది? ఈసారి తిన్న సంగతి దాస్తారు. నిజం దాచిన మనిషికి మందు సరిగ్గా ఎవరివ్వగలరు?

మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్కగట్టింది. అది 2023లో అచ్చయింది. పట్నవాసాల్లో పెద్దవాళ్ళలో నూటికి 16 మందికి పైనే. ఇంతమందికీ డాక్టర్లే కూర్చుని చెప్పాలంటే అయ్యేపని కాదు. ఆస్పత్రి నర్సు, ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, మందులషాపు ఫార్మసిస్టు, వీళ్ళు చెప్పాలి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి షుగరు పరీక్ష చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. షుగరు బోధకులను తయారుచేసే కోర్సులూ మన దగ్గర ఉన్నాయి. అయితే కోర్సు చదివిన నర్సును తీసుకొచ్చి, ఆరు పనులు నెత్తిన పెట్టి, ఏడోదిగా "నేర్పు" అంటే ఎలా? ఆమెకొక కుర్చీ, రోగికొక కుర్చీ, ఓ అరగంట తీరిక, తెలుగులో బొమ్మలున్న కాగితం, ఇవి కూడా ఇవ్వాలి. ఖర్చే కదా అంటారా? తీసేసిన కాలితో పోలిస్తే ఇదొక ఖర్చా?

మరి మనమేం చెయ్యగలం? మీవారికి షుగరైతే ఆయన్నొక్కరినే ఆస్పత్రికి పంపకండి, వండే మనిషి కూడా ఆ పాఠం వినాలి. మీకే అయితే మీవారినో పిల్లల్నో వెంటబెట్టుకు వెళ్ళండి. మన పండగలూ ఉపవాసాలూ, అందరూ తిన్నాక ఆఖర్న తినే అలవాటూ, ఏదీ దాచకుండా చెప్పండి. "ఇక్కడ షుగరు గురించి వివరంగా చెప్పేవాళ్ళెవరండీ?" అని నోరు తెరిచి అడగండి. లేరంటే, "పెట్టించండి" అనండి. పదిమంది అడిగితే పదకొండోవారికి దొరుకుతుంది. లేచి వచ్చేముందు, "నాకు అర్థమైంది ఇదీ, సరేనా?" అని మీరే తిరిగి అప్పజెప్పండి. వింటున్న నర్సమ్మ ఏదైనా సరిదిద్దితే చిన్నబుచ్చుకోకండి, ఆ పూట మీకు దొరికిన అసలు మందు అదే.