ఎవరి దుబారా? ఎవరి పొదుపు?

(మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యుత్తు గురించి మాట్లాడమన్నప్పుడు మొదట నేను వెనకాడాను. నేను ఇంజనీరుని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. తర్వాత ఆలోచిస్తే ఆ వెనకాడటం గురించే ముందు మాట్లాడుకోవాలనిపించింది. ఫ్యూజు వెయ్యడం, మీటరు చదవడం, ఏ ప్రాజెక్టు ఎక్కడ కట్టాలో నిర్ణయించడం - ఇవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు. బిల్లు పెరిగినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం ఇల్లాలు.

మా ఇంట్లో ప్రతిసారీ ఇదే జరిగేది. నాన్న బిల్లు చేతిలో పట్టుకుని, "ఇంట్లోనే ఉంటావు కదా, లైట్లు ఆర్పడానికి కూడా తీరిక లేదా?" అనేవారు. అమ్మ మారు మాట్లాడేది కాదు. ఆ రాత్రి నుంచి వంటింటి లైటు కూడా ఆర్పేసి, ముందు గదిలోంచి పడే వెలుతురులో గిన్నెలు తోముకునేది. కరెంటు పొదుపు చెయ్యమని చెప్పే పోస్టర్ల మీద స్విచ్చి దగ్గర గాజుల చెయ్యి ఉండటం మీరూ చూసే ఉంటారు. పొదుపు స్త్రీల ధర్మం, దుబారా స్త్రీల దోషం అన్నది ఎవరూ ప్రశ్నించని సూత్రం అయిపోయింది.

అందుకని ఈ రోజు మీ ముందు ఒకే ప్రశ్న పెడుతున్నాను. కరెంటు వ్యవస్థలో అసలు దుబారా ఎక్కడ జరుగుతోంది? అది ఎవరి ఖాతాలో పడుతోంది?

బొగ్గు నుంచి బల్బు దాకా

ఒక చిన్న లెక్క చేద్దాం. బొగ్గులో ఉన్న వేడిని 100 పాళ్ళనుకోండి. బొగ్గు మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి టర్బైన్‌ని తిప్పితే కరెంటు పుడుతుంది. మన దేశంలో మామూలు బొగ్గు కేంద్రంలో ఆ 100 పాళ్ళలో కరెంటుగా మారేది సుమారు 34. మిగతా 66 పాళ్ళూ చిమ్నీలోంచి, కూలింగ్ టవర్లలోంచి, వేడినీళ్ళ కాలవల్లోంచి బయటికి పోతాయి. ఆ 34లో కూడా బొగ్గు పొడి చేసే మిల్లులకీ, పంపులకీ కేంద్రమే రెండు మూడు పాళ్ళు వాడుకుంటుంది. 31 పాళ్ళు తీగల మీద బయల్దేరతాయి. దారిలో నూటికి 15 పోతుందనుకుంటే ఇంటికి చేరేది 26. ఆ కరెంటుతో పాతకాలం ఫిలమెంటు బల్బు వెలిగిస్తే, అది తీసుకున్నదాంట్లో ఇరవయ్యో వంతుని మాత్రమే వెలుగుగా ఇచ్చి మిగతాదంతా వేడి చేసి వదిలేస్తుంది. అంటే 100 పాళ్ళ బొగ్గు వేడిలో మనకి వెలుగుగా దక్కింది ఒకటింబావు పాలు.

ఇందులో కొంత ప్రకృతి నియమం. వేడినంతా పనిగా మార్చగలిగే యంత్రం ఎక్కడా లేదు. కొత్తరకం సూపర్ క్రిటికల్ కేంద్రాలు కూడా 40 పాళ్ళ దగ్గరే తచ్చాడుతున్నాయి. ఆ సంగతి ఒప్పుకుందాం. కానీ వంద శేర్ల బియ్యం వండి, శేరున్నర కూడా వడ్డించకుండా మిగతాది పెరట్లో పారబోసిన ఆడదాన్ని ఏమంటారో మీకు తెలుసు. ఈ వ్యవస్థని మాత్రం చాలాకాలం పాటు అభివృద్ధి అనే అన్నారు.

ఈ లెక్కని తిరగేసి చూడండి. ఇంటి దగ్గర ఒక యూనిట్ మిగిలితే బొగ్గు దగ్గర దాదాపు నాలుగు యూనిట్ల వేడి మిగులుతుంది. అంటే అమ్మ ఆర్పిన లైటు చిన్నదేమీ కాదు. ఆమె చేసిన పొదుపుకి విలువ లేదని నేను అనడం లేదు. ఆ విలువ ఎవరూ లెక్కగట్టలేదని, దుబారా నింద మాత్రం ఆమె మీదే వేశారని అంటున్నాను.

నష్టం ఒకరిది, పద్దు మరొకరిది

ఇలా ఒకరి దుబారాని మరొకరి పద్దులో రాయడం ఇళ్ళకే పరిమితం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. అంతకుముందు దాకా సరఫరా నష్టాలు నూటికి 20 లోపేనని చెప్పుకునేవారు. లెక్కలు విప్పి చూస్తే అవి 30 దాటాయి. మీటర్లు లేని రైతుల పంపుల వాడకం కింద రాసేసిన కరెంటులో పెద్ద భాగం నిజానికి తీగల్లో పోయిందీ, దొంగతనానికి పోయిందీ. వ్యవస్థ చిల్లుల్ని రైతు పేరున రాశారు. 2000లో చార్జీలు పెంచితే రాష్ట్రమంతా వీధుల్లోకి వచ్చింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కరెంటు బిల్లు రాజకీయ విషయమని నాకు ఆ రోజు తెలిసింది.

బూడిద ఎవరు తుడుస్తారు?

కొన్నేళ్ళ క్రితం ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం పక్క ఊళ్ళో స్త్రీల ఇంటిపని గురించి సర్వే చేశాను. నా ప్రశ్నావళిలో "అవసరం లేనప్పుడు లైట్లు ఆర్పుతారా?" అని ఒక ప్రశ్న ఉంది. అరవై ఏళ్ళు దాటిన ఒకామె నా మొహం చూసి, "ఉన్నయ్యే రెండు బలుబులు. ఏది ఆర్పమంటావమ్మా?" అంది. నాకు సిగ్గేసింది. పెద్ద చదువులు చదివి నేను అడిగిన ప్రశ్న మా నాన్న అడిగిన ప్రశ్నే కదా!

ఆమె తర్వాత తన పని వరస చెప్పింది. గాలి ఇటు తిరిగిన రోజుల్లో పొద్దున్నే మంచాల మీది బూడిద దులపాలి. ఉతికిన బట్టలు మళ్ళీ జాడించాలి. నీళ్ళ బిందెలకి గుడ్డ కట్టాలి. మనవడికి దగ్గొస్తే రాత్రంతా కూర్చోవాలి. ఒక యూనిట్ కరెంటుకి మన కేంద్రాల్లో సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. అంటే యూనిట్‌కి పావుకిలో దాకా బూడిద. ఆ కేంద్రం సామర్థ్యం నూటికి ఎంతో చెప్పే లెక్కల్లో ఈ దులపడం, జాడించడం, మేల్కోవడం ఎక్కడా కనపడవు. అది కూడా కరెంటు ఉత్పత్తి ఖర్చేనని నేనంటాను. ఆ ఖర్చుని ఆ ఊరి స్త్రీలు జీతం లేకుండా భరిస్తున్నారు.

ఎన్ని యూనిట్లు కాదు, ఏ పనికి?

ఈ ఆలోచనకి దారి చూపినవారిలో అమూల్య రెడ్డి గారిని తలుచుకోవాలి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేసిన శాస్త్రవేత్త, 2006లో చనిపోయారు. కర్ణాటకకి 2000 నాటికి ఎంత కరెంటు కావాలో 1987లో ఒక అధికారిక కమిటీ అంచనా వేసి, భారీ కేంద్రాలు కట్టాలంది. అమూల్య రెడ్డి, ఆయన సహచరులు ప్రశ్ననే మార్చారు. మనుషులకి కావలసింది యూనిట్లు కాదు. వెలుగు, వండిన అన్నం, పొలానికి నీళ్ళు. ఆ పనుల్ని మెరుగైన దీపాలతో, పంపులతో, పొయ్యిలతో చేసుకుంటే కమిటీ చెప్పిన కరెంటులో సగం కూడా అక్కర్లేదని లెక్కగట్టి చూపించారు. అంతకుముందే కర్ణాటక పల్లెల్లో వాళ్ళు చేసిన అధ్యయనాల్లో ఊళ్ళో మనుషులు చేసే శ్రమలో సగానికి పైగా స్త్రీలదేనని తేలింది. శక్తి లెక్కల్లో కట్టెలు మోసే తలని, నీళ్ళు తోడే చేతిని కూడా చేర్చిన పరిశోధన అది.

ఆయన చెప్పినది దీపాల విషయంలో మన కళ్ళముందే రుజువైంది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగుని 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తుంది. 2015 నుంచి ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచారు. ఎవరినీ చీకట్లో గిన్నెలు తోమమనకుండానే దుబారా తగ్గింది.

కానీ మిగతా వస్తువుల సంగతి చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యానుకి 30 చాలు. అయితే దాని ధర బాగా ఎక్కువ. అద్దె ఇంట్లో ఇంటి యజమాని ఏది బిగిస్తే అదే ఫ్యాను, బిల్లు మాత్రం అద్దెకున్నవాళ్ళది. ఇళ్ళల్లో పనిచేసే స్త్రీ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న ఫ్రిజ్ కొత్తదాని కంటే ఎక్కువ కరెంటు తాగుతుంది. దుబారా వస్తువులు పేదల ఇళ్ళకే చేరుతున్నాయి. పేదరికం ఎంత ఖరీదైనదో ఆమెని అడగండి.

ఎండ అందరిదీ, నేల ఎవరిది?

ఇక పునరుత్పాదక శక్తి. 2025లో దేశంలోని విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో బొగ్గు, గ్యాసు వంటి ఇంధనాలు కాని వాటి వాటా సగానికి చేరింది. అయినా 2024-25లో నిజంగా పుట్టిన కరెంటులో నూటికి 70 యూనిట్లకు పైగా బొగ్గు నుంచే వచ్చింది. ఈ మార్పు ఇంకా వేగంగా రావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో కాల్పులు జరిగాయి. ఆ పోరాటాల్లో ముందు నిలబడ్డ బెస్త స్త్రీలని, రైతు స్త్రీలని ఎరిగిన మనం బొగ్గు వైపు మాట్లాడలేం.

సౌర పలక తన మీద పడ్డ ఎండలో అయిదో వంతునే కరెంటుగా మారుస్తుంది. "మరి అది దుబారా కాదా?" అని అడిగేవాళ్ళున్నారు. వాడుకోని ఎండ కాలి బూడిద కాదు, ఎవరి మంచం మీదా పడదు. అక్కడ తరిగిపోయేది ఇంధనం కాదు, నేల. కాబట్టి ప్రశ్న నేల దగ్గర అడగాలి.

అనంతపురం సరిహద్దుకి ఆనుకుని కర్ణాటకలో ఉన్న పావగడ సంగతి తీసుకుందాం. అయిదు ఊళ్ళ చుట్టూ 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు 2019 చివరికి పూర్తయింది. భూమిని లాక్కోలేదు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి కౌలుకి తీసుకున్నారు. కరువు నేలకి అది మంచి ధరే. కానీ కౌలు పట్టా ఉన్నవాళ్ళకి. ఆ పొలాల్లో వేరుశనగ పీకి, కలుపు తీసి బతికిన భూమి లేని దళిత స్త్రీలకి పట్టా లేదు కాబట్టి కౌలూ లేదు, కూలీ పోయింది. మేకలు తోలుకెళ్ళే దారికి కంచె పడింది. పలకలు తుడిచే పనులు, గడ్డి కోసే పనులు కొందరికే దొరికాయి. బొగ్గు పొగ లేకపోవచ్చు. ఖర్చుని పేరు లేనివాళ్ళ పద్దులో రాసే పాత అలవాటు మాత్రం పోలేదు.

ఇంటి పైకప్పు మీద సౌర పలకల సంగతీ అంతే. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళకి అంటోంది, 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది. సొంత కప్పు ఉండాలి, పేరున కనెక్షన్ ఉండాలి. మన దగ్గర ఎంతమంది స్త్రీల పేరున కప్పు ఉంది? రేకుల ఇంట్లో అద్దెకుండే ఒంటరి స్త్రీకి ఈ పథకంలో చోటెక్కడ? తెలంగాణలో మహిళా సంఘాల చేత సౌర విద్యుత్ కేంద్రాలు పెట్టిస్తామని ప్రభుత్వం 2024లో ప్రకటించింది. సంతోషమే. అయితే అప్పు ఎవరి పేరున, భూమి ఎవరి పేరున, కరెంటు అమ్మిన డబ్బు ఎవరి చేతికి అన్న మూడు ప్రశ్నలూ సంతకం పెట్టక ముందే అడగాలి. పొదుపు సంఘాల అనుభవం మనకి నేర్పింది ఇదే.

మనం అడగాల్సినవి

సౌర పార్కు వచ్చే చోట పట్టాదారుకే కాకుండా ఆ నేల మీద కూలి చేసుకునే స్త్రీలకి కూడా పరిహారం, ఏటేటా వాటా ఉండాలి. కౌలు పత్రంలో భార్య పేరు కూడా చేర్చాలి. సొంత కప్పు లేనివాళ్ళ కోసం అంగన్‌వాడీ, బడి, హాస్టలు కప్పుల మీద పలకలు పెట్టి, ఆ కరెంటులో వాళ్ళకి వాటా ఇవ్వాలి. బల్బుల్ని పంచినట్టే తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాన్లని పంచాలి. పగటి ఎండని పంపులకి వాడితే రైతు రాత్రిపూట పొలానికి పోనక్కర్లేదు, పాము భయంతో ఇంట్లో ఆమె మేలుకుని కూర్చోనక్కర్లేదు. బొగ్గు కేంద్రం పక్క ఊళ్ళలో బూడిద వల్ల పెరిగిన పనిని, జబ్బుల్ని లెక్కగట్టి చార్జీల బహిరంగ విచారణల్లో పెట్టాలి. విద్యుత్ నియంత్రణ మండళ్ళు ఏటా జరిపే ఆ విచారణల్లో ఎవరైనా మాట్లాడవచ్చు. అక్కడ మన గొంతులు చాలా తక్కువ వినిపిస్తున్నాయి.

పని పెద్దదే. మొదలుపెట్టడం మాత్రం కష్టం కాదు. రేపు మీ ఊళ్ళకి వెళ్ళాక సంఘం మీటింగులో రెండు ప్రశ్నలు వెయ్యండి. మీ ఇంటి మీటరు ఎవరి పేరున ఉంది? పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలింది? జవాబు రాకపోతే అందరూ కలిసి ఆ మీటరు దగ్గరికి వెళ్ళి చదవండి. లైట్లు ఆర్పుతున్నారా అని మాత్రం ఎవరినీ అడగకండి. ఆ ప్రశ్న నేను ఒకసారి అడిగాను, చాలు.