ఫోటోలతో జిఫ్ చేయడం ఎలా? యాప్ వెతికే ముందు ఇది చూడండి

మన ఫోన్‌లో తీసిన మామూలు ఫోటోలని వరసగా పేర్చి కదిలే బొమ్మగా, అంటే జిఫ్‌గా ఎలా మార్చాలో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. "ఏ యాప్ బెస్ట్ బ్రో?" అనేది అందరూ అడిగే ప్రశ్న. యాప్ సంగతి చివర్లో చెప్తా. ఎందుకంటే జిఫ్ బాగా వస్తుందా రాదా అనేది ఫోటోలు తీసేటప్పుడే దాదాపు తేలిపోతుంది.

ముందు ఒక చిన్న డౌట్. జిఫ్ఫా, గిఫ్ఫా? 1987లో కంప్యూసర్వ్ కంపెనీలో ఈ ఫార్మాట్‌ని తయారుచేసింది స్టీవ్ విల్‌హైట్ టీమ్. దీన్ని జిఫ్ అనే పలకాలని 2013లో ఒక అవార్డు తీసుకుంటూ ఆయనే చెప్పారు. ఇంక మనం కొట్టుకోనవసరం లేదు.

కొద్ది కొద్ది తేడా ఉన్న ఫోటోలు వేగంగా మారుతుంటే మన మెదడు వాటిని కలిపేసి ఒకే కదలికగా చూస్తుంది. అంతే లాజిక్. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి, పరిగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. ఒక క్షణంలో దాని నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయని వాటిలో తేలింది. మనకైతే ఒక్క ఫోన్ చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వినాయక చవితికి ఇంట్లో మట్టి వినాయకుణ్ణి చేస్తున్నారు. మట్టి ముద్ద దగ్గర్నుంచి కళ్లు పెట్టేదాకా 12 ఫోటోలు తీయాలి. ఇక్కడ రీటేక్ ఉండదు. తొండం పెట్టేశాక మళ్లీ మట్టి ముద్ద దగ్గరికి వెళ్లలేం కదా! అందుకే ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఫోన్ కదలకూడదు. పుస్తకాల మధ్య నిలబెట్టండి, 3 సెకన్ల టైమర్ పెట్టండి. లేదంటే బటన్ నొక్కిన ప్రతిసారీ ఫ్రేమ్ కదిలి, జిఫ్‌లో వినాయకుడితో పాటు గోడ కూడా ఊగుతుంది.

రెండు, వినాయకుడి మీద వేలు పెట్టి కాసేపు నొక్కిపట్టండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడికి లాక్ అయిపోతాయి.

మూడు, కిటికీ పక్కన వద్దు. మబ్బు వస్తే ఒక ఫోటో చీకటి, ఎండొస్తే ఇంకోటి తెలుపు. బల్బు వెలుతురే నయం.

నాలుగు, క్లిక్ అయ్యేముందు చేతులు ఫ్రేమ్‌లోంచి తీసేయండి. అప్పుడే విగ్రహం తనంతట తానే తయారవుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు సైజు లెక్క. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు. అలాంటివి 12 కలిపితే ఫోన్ ఏడుస్తుంది. ముందే 480 బై 360కి తగ్గించండి. అప్పుడు ఒక్కో ఫోటోలో 1,72,800 చుక్కలే, అంటే దాదాపు 70వ వంతు. ఇంకోటి, జిఫ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి 256 రంగులే. అందుకే సాయంత్రం ఆకాశం లాంటివి చారలు చారలుగా వస్తాయి. వెనకాల ఒకే రంగు బట్ట కట్టండి, నీట్‌గా వస్తుంది.

టైమింగ్: జిఫ్‌లో సమయాన్ని సెకనులో 100వ వంతు చొప్పున లెక్కేస్తారు. ఫ్రేమ్‌కి 20 పెట్టండి, అంటే 0.2 సెకను. చివరి ఫ్రేమ్ మాత్రం 150 పెట్టండి, పూర్తయిన విగ్రహాన్ని ఒకటిన్నర సెకను చూడనివ్వాలి. స్పీడ్ కోసం 1 పెట్టారనుకోండి, చాలా బ్రౌజర్లు దాన్ని 10గా మార్చేసి ఇంకా నెమ్మదిగా చూపిస్తాయి!

ఇక యాప్. గూగుల్ ఫోటోస్‌లో యానిమేషన్ అనే ఆప్షన్ ఉంది. ఫోటోలు సెలెక్ట్ చేస్తే అదే కలిపేస్తుంది, కానీ స్పీడ్ మన చేతిలో ఉండదు. కంప్యూటర్ ఉంటే గింప్ వాడండి, ఫ్రీ. ఫోటోలన్నీ లేయర్లుగా తెరిచి, జిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యానిమేషన్ టిక్ పెట్టాలి. అన్నిటికంటే కింద ఉన్న లేయర్ ముందు వస్తుంది. అక్కడ సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది, 0.2 సెకనుకి 200 రాయండి.

దయచేసి ఇది మాత్రం వినండి. ఆన్‌లైన్‌లో జిఫ్ చేసే సైట్లలో చాలావాటికి మీ ఫోటోలు ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్తాయి. మట్టి వినాయకుడైతే పర్లేదు. చెల్లి ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు ముక్కూమొహం తెలీని సైట్‌కి ఎందుకివ్వాలి? అలాగే జిఫ్ చేసే యాప్‌కి కావాల్సింది ఫోటోలే. కాంటాక్ట్స్, లొకేషన్ అడిగిందంటే వెంటనే తీసేయండి.

చివరిగా ఒక ట్రిక్. 1 నుంచి 12 దాకా వెళ్లాక, 11 నుంచి 2 దాకా అవే ఫోటోలు వెనక్కి పేర్చండి. మొత్తం 22 ఫ్రేములు. వినాయకుడు తయారవుతాడు, ఒక్క క్షణం నిలబడతాడు, మళ్లీ మెల్లగా మట్టిలో కలిసిపోతాడు. నిమజ్జనం కూడా అయిపోయినట్టే!

ఈ ఆదివారం ట్రై చేయండి. ఎన్ని ఫ్రేములు, ఎంత టైమింగ్ పెట్టారో కామెంట్‌లో రాయండి. ఉంటాను ఫ్రెండ్స్, బై!