కోడి తలలో దాచిన టీకా

పెంపుడు కుక్కనైతే పట్టుకుని సూది వేయిస్తాం. మరి అడవిలో తిరిగే నక్కకు ఎవరు వేస్తారు? యూరప్‌ను ఎన్నో ఏళ్లు వేధించిన ప్రశ్న ఇది.

1939 ప్రాంతంలో పోలండ్ తూర్పు సరిహద్దుల్లో ఎర్రనక్కలకు రేబిస్ సోకింది. ఏడాదికి 20 నుంచి 60 కిలోమీటర్ల చొప్పున పడమరకు పాకి, 1967లో స్విట్జర్లాండ్ చేరింది. నక్కలను తుపాకులతో కాల్చారు, బొరియల్లోకి విషవాయువు వదిలారు. ఒక అడవి ఖాళీ అయితే పక్క అడవి నుంచి కుర్ర నక్కలు వచ్చి చేరేవి. వాటి వెంటే జబ్బూ వచ్చేది.

1970ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ బేర్ బృందం, టీకా నోటి ద్వారా అందినా నక్కకు రక్షణ వస్తుందని చూపింది. అయితే అది కడుపులోకి జారితే ఫలితం ఉండదు. నోటి లోపలి పొరకూ గొంతులోని టాన్సిల్స్‌కూ తగలాలి. అంటే నక్క దాన్ని కొరికి నమలాలి.

స్విట్జర్లాండ్‌లో ఫ్రాంజ్ స్టెక్ బృందం కోడి తలలను ఎరగా ఎంచుకుంది. చర్మం కింద టీకా గుళిక పెట్టి, 1978 అక్టోబరులో రోన్ నది లోయలో నాలుగు వేలకు పైగా తలలు చల్లింది. నక్క కొరకగానే గుళిక పగిలి మందు నోరంతా తడుపుతుంది. ఎరలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా కలిపారు. అది తిన్న నక్క ఎముకల్లో అతినీలలోహిత కాంతికి మెరిసే గుర్తు మిగులుతుంది. ఏ నక్క తిన్నదో అలా తెలిసేది.

లోయలో జబ్బు ఆగింది. కానీ 1982లో, ఎరలు చల్లే పనిలో ఉండగానే హెలికాప్టర్ కూలి స్టెక్ చనిపోయారు. తాను మొదలుపెట్టిన పని ఎంత దూరం వెళ్లిందో ఆయన చూడలేకపోయారు.

మరుసటి ఏడాదే జర్మనీ ఈ బాట పట్టింది. తర్వాత చేపపొడి, కొవ్వు కలిపిన ఎరలు యంత్రాలపై తయారయ్యాయి, విమానాల నుంచి అడవుల్లో రాలాయి. స్విట్జర్లాండ్ 1999లో, ఫ్రాన్స్, బెల్జియం 2001లో, జర్మనీ 2008లో నక్కల రేబిస్ నుంచి విముక్తమయ్యాయి.

మన దగ్గర ఈ జబ్బు ఎక్కువగా కుక్కకాటుతో వస్తుంది. నక్కల విషయంలో జరిగినట్టే, వీధికుక్కలను చంపితే ఆ వీధికి టీకా పడని కొత్త కుక్కలు వస్తాయి. టీకా వేసిన కుక్క తన వీధిలోనే ఉంటే, ఆ వీధికి అదే కాపలా. కుక్క కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.