డౌన్ సిండ్రోమ్ బిడ్డలు – మనం ఉండగానే చేయవలసిన పనులు

(కంఠేశ్వర్‌లో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ట్రెజరీ శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. మా రెండో అబ్బాయికి డౌన్ సిండ్రోమ్ ఉంది. వాడికిప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఈ విషయం నాకు ఫైళ్లలోనూ తెలుసు, ఇంట్లోనూ తెలుసు.

మన శరీర కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. ఈ బిడ్డల్లో సాధారణంగా 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండి 47 అవుతాయి. ఈ సంగతిని 1959లో ఫ్రాన్సులో లెజూన్, గోతియే, టర్పిన్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కనుక ఇది గ్రహణ దోషం కాదు, తల్లి చేసుకున్న పాపం అసలే కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ ఇటువంటి కాన్పుకు అవకాశం పెరిగే మాట నిజమే గాని, చిన్న వయసు తల్లులకూ పుడుతున్నారు. ఇంటి కోడలిని నిందించడం మనం మానాలి.

1983 ప్రాంతంలో అమెరికాలో వీరి సగటు ఆయుర్దాయం 25 ఏళ్లు. నేడది 60 దాకా వచ్చింది. వీరిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపముంటుంది. సకాలంలో ఆపరేషన్ చేయడం వల్లనే చాలామంది బ్రతుకుతున్నారు. అందుకే పుట్టిన వెంటనే ఎకో పరీక్ష చేయించాలి. ఏటా థైరాయిడ్, తరచుగా చూపు, వినికిడి చూపించాలి. నలభై దాటాక అల్జీమర్స్ త్వరగా వచ్చే ప్రమాదముంది. అయితే థైరాయిడ్ తగ్గినా మనిషి మందకొడిగా, మరపుగా కనిపిస్తాడు. మరపు అనగానే నిరాశపడక ముందు ఆ రక్తపరీక్ష చేయించండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించి వైద్యం చేయించే లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉంది. శిక్షణకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది.

ఆయుర్దాయం పెరగడం సంతోషమే. కాని దానితో పాటు ఒక ప్రశ్న వచ్చింది: మన తదనంతరం వారికి ఎవరు?

1980 రివైజ్డ్ పెన్షన్ రూల్స్ 50వ నియమం ప్రకారం, మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పెన్షన్ వస్తుంది. 2015లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మిత్రులది ప్రావిడెంట్ ఫండ్ పెన్షన్. ఆ 1995 పథకంలోనూ శాశ్వతంగా, పూర్తిగా వికలాంగులైన బిడ్డకు వయసు పరిమితి లేకుండా పెన్షన్ ఉంది. హక్కు ఉన్నా కాగితం లేకపోతే అది చేతికి రాదు.

కనుక మూడు పనులు చేయండి. ఒకటి, వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. రెండు, కుటుంబ వివరాల్లో ఆ బిడ్డ పేరు, వైకల్యం నమోదు చేయించండి. మూడు, పద్దెనిమిదేళ్లు నిండాక 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి గార్డియన్ కోసం దరఖాస్తు పెట్టండి. అన్నదమ్ములు చూసుకుంటారన్న నమ్మకం మంచిదే, కాని ఆఫీసులో నమ్మకం చెల్లదు, ఉత్తర్వు చెల్లుతుంది.

లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే రోజుల్లో మన సంఘం ఈ కాగితాలు కూడా చూసిపెట్టాలని మనవి. నేను రోజూ వచ్చి కూర్చోవడానికి సిద్ధం. బిడ్డను వెంట తీసుకురండి. దాచవలసిన పని లేదు.