కాలు తీసినా ఆగని రొద



కారు చక్కగా నడిపే ఆడవాళ్లం కూడా, బానెట్టు ఎత్తాల్సి వచ్చేసరికి "ఆయన రానీండి, చూస్తారు" అని ఊరుకుంటాం. ఈవేళ కారుకి వచ్చే ఒక్క జబ్బు గురించే చెబుతాను. ఎక్సలేటరు మీంచి కాలు తీసినా ఇంజను నెమ్మదించక గుయ్యిమని రొద పెడుతుంది చూడండి, అదన్నమాట.

పెట్రోలు దండగ సంగతి అలా ఉంచండి. గేర్లు తనంతట తనే మార్చుకునే బండి అయితే, బ్రేకు మీద కాలు కాస్త వదులు చేయగానే దురుసుగా ముందుకు లాగుతుంది. అపార్టుమెంటు గేటు దగ్గర పిల్లలు ఆడుకుంటూ ఉంటారాయె!

అసలిది జబ్బేనా అన్నది ముందు చూసుకోవాలి. పొద్దున్నే చల్లటి ఇంజను కాసేపు నిమిషానికి 1,200 - 1,500 చుట్లు తిరగడం సహజమే. వేడెక్కాక చాలా కార్లలో ముల్లు 700 - 900 మధ్యకి దిగుతుంది. ఏ.సి. వేస్తే కొంచెం పెరగొచ్చు, అదీ తప్పు కాదు.

వేడెక్కినా దిగలేదా? ఇంజను ఆపి కాళ్ల దగ్గర చూడండి. కింద పరిచిన మ్యాటు ముడుచుకుని ఎక్సలేటరును నొక్కి పట్టిందేమో! నవ్వకండి, ఇదీ జరుగుతుంది. కేబులుతో పనిచేసే బండిలో ఆ కేబులు బిగుసుకుపోయి ఉండొచ్చు. పెడలు నొక్కి వదిలితే టక్కున పైకి రావాలి.

అదీ బాగుంటే, ఇక అనుమానం గాలి మీద. రబ్బరు గొట్టం ఎక్కడైనా పగిలితే, లెక్కలో లేని దొంగగాలి ఇంజనులోకి దూరి దాన్ని పరుగెత్తిస్తుంది. కుక్కరు గాస్కెట్టు పాడైతే వచ్చే బుస మనకు తెలియనిదా? అక్కడ ఆవిరి బయటికి పోతుంది, ఇక్కడ గాలి లోపలికి పోతుంది, అంతే తేడా. బండిని ఆరుబయట పెట్టి, గేరు తీసి, హ్యాండుబ్రేకు వేసి, బానెట్టు ఎత్తి వినండి. పమిట దోపుకోండి, జడ ముడి వేసుకోండి. ఆ ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం సుమా! మూసిన గ్యారేజీలో మాత్రం వద్దే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

మసిపట్టిన వాల్వు, వేడెక్కిన ఇంజను ఇంకా చల్లగానే ఉందని కంప్యూటరుకి అబద్ధం చెప్పే సెన్సారు - ఇవి మెకానిక్కు చూడాల్సినవే. అయితే ఒక్క మాట. 1983లో వచ్చిన తొలి మారుతి 800లకు కార్బురేటరు ఉండేది, స్క్రూ కాస్త తిప్పితే రొద తగ్గేది. ఆ అలవాటు కొద్దీ ఇప్పటి ఇంజెక్షను బళ్లకీ స్క్రూ తిప్పేస్తానంటే ఒప్పుకోకండి. శబ్దం తగ్గినా పగిలిన గొట్టం పగిలినట్టే ఉంటుంది. "కంప్యూటరు పెట్టి కోడు చూశారా? గొట్టాలన్నీ చూశారా?" అని అడగండి. ఏదైనా మార్చామంటే పాత సామాను చూపించమనండి. పనయ్యాక ఇంజను వేడెక్కేదాకా అక్కడే ఉండి, ముల్లు ఎక్కడ నిలిచిందో కళ్లారా చూసుకుని, అప్పుడు డబ్బివ్వండి.